మామాచ ఎడమ భుజం

తెల్లవారుజామున కొండల్లో ఉన్న ఉరమార్కలో బయల్దేరిన బస్సు నగరం చేరేసరికి పది దాటింది. మధ్యలో కొండచరియ విరిగి రోడ్డు మీద పడితే, ఆ రాళ్ళు తీసేదాకా గంటన్నర అక్కడే ఆగిపోయారు. దారి పొడవునా ఎర్మెలిందా ఒళ్ళో మూట గట్టిగా పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పక్కసీట్లో సతుర్నీనా మాత్రం ఉడికిన మొక్కజొన్న గింజలు జున్నుముక్కతో నములుతూ ఇద్దరి వంతూ తనే మాట్లాడింది.

"వదినా, తల్లిని చూడ్డానికి పోతున్నట్టు లేదు నీ వాలకం. సవతి మీద తగువుకి పోతున్నట్టుంది."

ఎర్మెలిందా తల తిప్పి ఒక్క చూపు చూసింది. సతుర్నీనా నమలడం ఆపలేదు. ఎర్మెలిందా కొడుకు జ్ఞానస్నానం నాడు వాణ్ణి చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి ఆమె, ఆ వరసతోనే 'వదినా' అని పిలుస్తుంది. ముప్ఫై ఏళ్ళ ఆ చుట్టరికంలో అలాంటి చూపులు ఎన్ని చూసిందో లెక్కలేదు.

సవతి అన్న మాటలో అబద్ధమేం లేదు. ఉరమార్క గుళ్ళో మరియతల్లి చెక్క స్వరూపం ఒకటుండేది. ఊరంతా ఆమెని 'మామాచ' అని ముద్దుగా పిలుచుకునేవాళ్ళు. ఆమెకి బట్టలు మార్చే హక్కు ఒక్క ఇంటి ఆడవాళ్ళదే. అది ఎర్మెలిందాకి అత్తగారి చేతినించి వచ్చింది. పందొమ్మిదేళ్ళు చేసింది ఆ పని. పండక్కో రంగు, ఉపవాస కాలానికో రంగు, పంట కోతలకో రంగు. గుడి తలుపులు వేసుకుని, మగపురుగు లోపలికి రాకుండా చూసుకుని, నోట్లో గుండుసూదులు పట్టుకుని మామాచ చుట్టూ తిరిగేది. పని చేతికొచ్చిన ఏడాదే, పాత సవరం చిమ్మెటలు కొట్టేసిందని, నడుం దాటి వేలాడే తన జడలు రెండూ కత్తిరించి మామాచకి జుట్టు కుట్టించింది. ఆ ఏడు ఊరేగింపులో మొగుడు ఆమె చెవిలో, "వెనకనించి చూస్తే మామాచ అచ్చం నువ్వేనే" అన్నాడు. ఆ రోజు ఎర్మెలిందా కాళ్ళు నేలమీద ఆనలేదు.

నాలుగేళ్ళ కిందట భూకంపం వచ్చింది. గుడి పైకప్పు మొత్తం కూలింది. మామాచ మీద గీత కూడా పడలేదు. ఎర్మెలిందా ఇంటిగోడ మాత్రం ఎర్మెలిందా కాలి మీదే పడింది. ఆమె పక్క ఊరి ఆసుపత్రిలో కట్టుతో పడుకుని ఉండగా, మగవాళ్ళు నలుగురూ కలిసి మామాచని దుప్పట్లో చుట్టి లారీ ఎక్కించి, గుడి మళ్ళీ కట్టేదాకా భద్రంగా ఉంటుందని నగరంలో కథెడ్రల్‌కి పంపేశారు. ఎర్మెలిందాని ఒక్కమాట అడిగినవాడు లేడు.

కర్ర పట్టుకుని ఊరికొచ్చేసరికి గుడి పెట్టె అడుగున ఒక్కటే వస్తువు మిగిలింది. గొర్రెబొచ్చు కూరి గుడ్డతో కుట్టిన, అరచేయంత మెత్త. లోకానికి తెలిసింది మామాచ మొహమూ చేతులే. అవే చెక్కినవి. బట్టల కింద ఉన్నది ఉత్త కర్రల చట్రం. అందులో ఎడమ భుజం కర్ర రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. అక్కడ ఈ మెత్త పెట్టకపోతే బరువైన పైవస్త్రం ఆ పక్కకి లాగుతుంది, మనిషే ఒరిగిపోతుంది. "ఈ సంగతి మనింటి గడప దాటకూడదే" అని అత్తగారు చెప్పి మరీ చచ్చిపోయింది.

ఎర్మెలిందా దాటనివ్వలేదు. నాలుగేళ్ళలో ఊళ్ళోవాళ్ళు ఎంతోమంది నగరానికి వెళ్ళొచ్చారు. ఎవరి చేతికిచ్చినా మెత్త అక్కడికి చేరేది. ఇవ్వలేదు. మెత్త లేకుండా ఎలా నిలబెడతారో నేనూ చూస్తాను అనుకుంది. వెళ్ళొచ్చినవాళ్ళు మాత్రం ఒక్కరూ మామాచ ఒరిగిపోయిందని చెప్పలేదు. జరీ అన్నారు, ముఖమల్ అన్నారు, కట్టే ఆవిడ చేతిలో ఏదో ఉందన్నారు. ఒక్కో మాటా ఎర్మెలిందా కడుపులో నిప్పురవ్వలా పడింది. చివరికి ఈస్టర్‌కి వెళ్ళొచ్చిన సతుర్నీనా, "నిజం చెప్పొద్దూ వదినా, అక్కడ మామాచ మొహంలో కళ వచ్చింది" అంది. మూడు వారాలు ఆ మాటతోనే లేచి ఆ మాటతోనే పడుకుంది ఎర్మెలిందా. నాలుగో వారం మెత్తని మూటలో కట్టుకుని, "పద, చూసొద్దాం" అంది.

పొద్దుటి పూజ ఎనిమిదింటికే అయిపోయింది. మామాచ ఉన్న పక్క మందిరం భక్తులకి మళ్ళీ మూడింటికి గానీ తెరవరు. ఈలోపు చూడాలంటే యాత్రికుల గుమ్మంలోంచి, గైడుతో పాటు వెళ్ళాలి. టికెట్ల బల్ల దగ్గర అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది. "విదేశాల వాళ్ళా, దేశంవాళ్ళా?"

"మేమా?" అంది సతుర్నీనా. "అమ్మవారి పుట్టింటివాళ్ళం."

"దానికి వేరే టికెట్ లేదండీ."

ఇద్దరి రవికల మీదా పసుపుపచ్చ కాగితం ముక్కలు అంటించారు. టోపీలు తీసి చేత్తో పట్టుకోమన్నారు. లీమా నించి వచ్చిన ముగ్గురు అక్కచెల్లెళ్ళు, చిలీ దంపతులు, మెడలో కెమెరా వేలాడదీసుకున్న పొడుగాటి తెల్లాయన. ఆ గుంపు చివర ఈ ఇద్దరూ. గైడు పేరు ఫాబ్రీసియో. సన్నటి మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, తీయటి గొంతు. తెల్లరాతి స్తంభాల గురించి, దేవదారు కర్రతో చెక్కిన గాయకుల పీట గురించి, ఏ భూకంపానికి ఏ గోపురం పడిందో, ఎన్నేళ్ళకి మళ్ళీ లేచిందో చెప్పుకుంటూ పోయాడు. వెండి పీఠం ముందు అందరూ నిట్టూర్చారు. ఎర్మెలిందా కళ్ళు మాత్రం అటు పోలేదు. గుంపులో భుజాల సందుల్లోంచి ముందుకి, ఇంకా ముందుకి చూస్తోంది.

పక్క మందిరం గుమ్మం దాటగానే చూసింది.

చూసి, ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. ద్రాక్షసారా రంగు ముఖమల్ పైవస్త్రం నేలదాకా జారుతోంది. దాని అంచున జరీతో గోధుమ కంకులు. చేతులకి లేసు తొడుగులు. తలమీద తన నల్లటి జడలు లేవు. గోధుమరంగు ఉంగరాల జుట్టు, భుజాలమీద పరిచి ఉంది. ఆ జుట్టు కింద ఉన్న మొహం మాత్రం మామాచదే. ఎడం చెంప మీద కొవ్వొత్తి పొగకి కమిలిన చిన్న మచ్చ కూడా అలాగే ఉంది.

ఎర్మెలిందాకి కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. వేరే ఇంటికి పెంపకానికిచ్చిన బిడ్డ, ఆ ఇంటి పట్టుబట్టలు కట్టుకుని ఎదురుపడి, మీరెవరండీ అన్నట్టుంది. బట్టలు బాగాలేకపోతే బావుండునని మనసారా కోరుకుంది. వంకలు వెతికింది. నడికట్టు ముడి కుడివైపు వేశారు, తప్పు. మేలిముసుగు మడతలు ఎక్కువయ్యాయి, తప్పు. అయినా ఆ జరీ పనికి వంక పెట్టడం తన వల్ల కాలేదు. అదే ఎక్కువ మండించింది.

అప్పుడు చూసింది ఎడమ భుజం. ఒరిగే ఉంది. మామాచ మొత్తం ఎడమకి, కొంచెం ముందుకి వాలి ఉంది. ఎర్మెలిందా ఒంటికి చల్లగాలి తగిలినట్టయింది. తను అనుకున్నదే అయింది! చేతగాలేదు వీళ్ళకి! వాళ్ళ ముఖమలూ వాళ్ళ జరీ! సతుర్నీనా నడుం మీద పొడిచింది. "చూశావా, ఆ కళ?"

"ఏం చూడాలి?"

ఈలోగా ఫాబ్రీసియో గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "ఈ తల్లిని నగరంలో అందరూ 'ఆలకించే తల్లి' అంటారండీ. భూకంపంలో కూలిన ఒక కొండ గ్రామంనించి ఇక్కడికి వచ్చింది. గమనించండి, ఎలా వంగి ఉందో. ఇక్కడ, ఈ రాతి మీద నిలబడితే, ఆమె చెవి సరిగ్గా మన నోటి దగ్గరకొస్తుంది. గోడు చెప్పుకోవడానికి రోజూ వందలమంది వస్తారు. వాళ్ళ ఊళ్ళో ఉన్నప్పుడు ఆమె నిటారుగానే ఉండేదట. మన నగరానికి వచ్చాకే ఇలా వంగిందని—"

"మెత్త లేక!"

గొంతు ఎవరిదో ఎర్మెలిందాకే తెలియలేదు. గుంపంతా వెనక్కి తిరిగితే గానీ తనదేనని అర్థం కాలేదు. ఇక ఆగలేదు. "ఆలకించడం లేదు, ఏం లేదు. భుజం కింద మెత్త పెట్టాలి. పెట్టలేదు. అందుకని ఒరిగింది. అంతే!"

లీమా అక్కచెల్లెళ్ళలో చిన్నామె కిసుక్కున నవ్వింది. ఫాబ్రీసియో చెవులు ఎర్రబడ్డాయి. "ఒక్కొక్కరి నమ్మకం ఒక్కోలా ఉంటుందండీ" అని మర్యాదగా అని, గుంపుని బయటికి నడిపించబోయాడు.

"ఏ మెత్త?"

ఈసారి గొంతు గుమ్మం దగ్గరనించి వచ్చింది. అరవై దాటిన ఆవిడ, నల్లగౌను, తెల్లజుట్టు ముడి, చేతుల మీద పలచటి కాగితంలో చుట్టిన బట్టల దొంతర. ఫాబ్రీసియో పక్కకి తప్పుకుని, "దోన్యా గ్రాసియేలా. అమ్మవారికి అలంకారం చేసేది ఈవిడే" అన్నాడు. దోన్యా అంటే అమ్మగారు.

ఎర్మెలిందా ఆమెని పైనించి కిందిదాకా చూసింది. ఊహలో ఈ మనిషి వేరేలా ఉండేది. వేళ్ళకి ఉంగరాలు, మొహానికి పౌడరు, నోటినిండా గర్వం. ఈవిడ వేళ్ళు మాత్రం సూదిగాట్లతో నిండి ఉన్నాయి, అచ్చం తన వేళ్ళలాగే. అది కూడా నచ్చలేదు.

"మీది ఉరమార్కా అమ్మా?" అడిగింది దోన్యా గ్రాసియేలా.

"పందొమ్మిదేళ్ళు మామాచకి బట్టలు కట్టింది ఈ చేతులే" అంది ఎర్మెలిందా.

ఆవిడ ఆ చేతులకేసి చూసింది. తర్వాత గుంపు వెళ్ళేదాకా ఆగి, "ఇవాళ బట్టలు మార్చే రోజు. నాకు తోడొచ్చే అమ్మాయి మోకాలి నొప్పితో రాలేదు. మీరు ఉంటారా?" అంది.

సతుర్నీనా తలుపు గడియ వేసి దానికి వీపు ఆనించి నిలబడింది. మగవాడు ఎవడైనా తోసుకొస్తే తన శవం మీదనించే రావాలన్నట్టు.

దోన్యా గ్రాసియేలా గులాబీనీళ్ళతో చేతులు కడుక్కుని సూదులు తీసింది. పైవస్త్రం మీద చెయ్యి వేయబోతుంటే ఎర్మెలిందా ముందుకొచ్చి, వంగి, మామాచ పాదాల దగ్గర తమ కెచువా భాషలో నాలుగు మాటలు గొణిగింది. బట్ట విప్పేముందు తల్లి దగ్గర సెలవు తీసుకోవాలి. అత్తగారు నేర్పింది.

"ఏమన్నారు?"

"ఏం లేదు. దగ్గొచ్చింది."

బట్టలు ఒక్కొక్కటే విప్పారు. ఇద్దరి చేతులూ మాట్లాడుకోకుండానే ఒకదానికొకటి దారి ఇచ్చుకున్నాయి. ఒకరు ఎత్తితే ఒకరు లాగడం, ఒకరు పట్టుకుంటే ఒకరు సూది తియ్యడం. ఎర్మెలిందాకి ఇది కూడా కంటగింపే అయింది. పనిలో ఈవిడ మొద్దయితే ఎంత సుఖంగా ఉండేది!

"నా జుట్టేదీ?" అంది ఉన్నట్టుండి.

దోన్యా గ్రాసియేలా చేతులు ఆగిపోయాయి. "అది మీదా? సున్నం, దుమ్ము పట్టి వచ్చింది. ఏడుసార్లు కడిగాను. పెట్టెలో పెట్టాను, లావెండర్ వేసి." సూది డబ్బాలో వేసి, "తీసెయ్యాలని నాకు లేదు. ఇక్కడివాళ్ళకి ఉంగరాల జుట్టు ఇష్టం" అంది.

ఎర్మెలిందా చివరి బట్ట లాగేసింది. చట్రం బయటపడింది. ఎడమ భుజం కర్ర చూపించింది. మూట విప్పి మెత్త తీసింది. "ఇదీ."

దోన్యా గ్రాసియేలా దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి, రెండు చేతుల మధ్యా నొక్కి చూసింది. "గొర్రెబొచ్చు."

"ఏడాదికోసారి మార్చాలి. లేకపోతే అణిగిపోతుంది."

మెత్త పెట్టి లోపలి బట్ట తొడిగారు. దాని మీద తెల్లటి గౌను, దాని మీద జరీ అంచు ఉన్న ఆకాశం రంగు ముఖమల్ పైవస్త్రం. ఎర్మెలిందా నడికట్టు ముడి ఎడమవైపు వేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. మామాచ నిటారుగా, గడ్డం కొంచెం పైకెత్తి, ఉరమార్క గుళ్ళో నిలబడినట్టే నిలబడింది. చూపు అందరి తలలమీదుగా దూరంగా, అక్కడ కొండలుండేవి కాబట్టి కొండలకేసి. ఇన్నేళ్ళకి ఎర్మెలిందా గుండె చల్లబడింది. ఇది నా మామాచ. నాది.

పక్కకి తిరిగి చూసింది. దోన్యా గ్రాసియేలా సూదుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.

"మీ దగ్గర ఇలా ఉండేదన్నమాట" అంది. "ఎంత ఠీవిగా ఉందీ."

"ఉండదూ మరి?"

"నా దగ్గర ఎప్పుడూ ఇలా లేదు." ఆ మాటలో ఉన్నదేమిటో ఎర్మెలిందాకి వెంటనే తెలిసిపోయింది. నాలుగేళ్ళుగా తను పక్కలో పెట్టుకుని పడుకున్న కుళ్ళే కదా. అవతలి మనిషి కళ్ళలో అదే రంగు చూసేసరికి తీపిగా అనిపించింది. బాగా అయింది అనుకుంది. అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు.

మూడు గంటలకి తలుపులు తీశారు.

మొదట వచ్చినవాడు మార్కెట్లో మూటలు మోసే మనిషి. భుజం మీద తాడు, కాళ్ళకి టైరు చెప్పులు, ముందుకి వంగిపోయిన నడుము. రోజూ వచ్చేవాడే అని అతను నడిచిన తీరులోనే తెలుస్తోంది. ఎటూ చూడకుండా వచ్చి, తిన్నగా ఆ రాతిమీద నిలబడి, టోపీ గుండెకి ఆనించుకుని, నోరు తెరిచాడు.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. చెవి అక్కడ లేదు. మునివేళ్ళమీద లేచాడు. ఇంకా అందలేదు. పక్కకి జరిగి చూశాడు, వెనక్కొచ్చి చూశాడు. మామాచ అతని తలమీదుగా ఎటో చూస్తోంది.

"ఏమ్మా," అన్నాడు చివరికి, చాలా మెల్లిగా. "కోపమొచ్చిందా?"

కాసేపు నిలబడ్డాడు. తర్వాత టోపీ పెట్టుకుని, వచ్చిన పని చెప్పకుండానే వెళ్ళిపోయాడు. వెనకాల వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు రాతి దగ్గర ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఎర్మెలిందా స్తంభం పక్కన నిలబడి ఇదంతా చూసింది. పందొమ్మిదేళ్ళు మామాచకి బట్టలు కట్టింది. ఆ పందొమ్మిదేళ్ళలో ఊళ్ళో ఎవరూ మామాచ చెవిలో మాట్లాడగా చూడలేదు. మోకాళ్ళమీద పడేవాళ్ళు, పూలు పెట్టేవాళ్ళు, కొవ్వొత్తి వెలిగించి వెళ్ళేవాళ్ళు. ఇంత దగ్గరగా వచ్చి, ఇంటి మనిషితో మాట్లాడినట్టు "కోపమొచ్చిందా" అని అడిగినవాడు లేడు. తనే అడగలేదు. ఎప్పుడూ సూదుల హడావుడే.

"వదినా," అంది సతుర్నీనా నెమ్మదిగా. ఈసారి ఎగతాళి లేదు. "ఆ మనిషి ఏం చెప్పుకోడానికొచ్చాడో."

"నాకేం తెలుసు?" అని కసిరింది ఎర్మెలిందా. రెండడుగులు అటు వేసింది, రెండడుగులు ఇటు వేసింది. తర్వాత పరుగులాంటి నడకతో దోన్యా గ్రాసియేలా దగ్గరకెళ్ళి, "తలుపులు మళ్ళీ వెయ్యండి" అంది. "ఒక్క నిమిషం. సూది ఊడిందని చెప్పండి."

లోపల, పైవస్త్రం కిందినించి చెయ్యి పోనిచ్చి మెత్త బయటికి లాగింది. ముఖమల్ బరువుకి మామాచ మెల్లగా, అలవాటైన చోటికి చేరినట్టు, ఎడమకి ఒరిగింది.

"ఎందుకు తీశారు?" అంది దోన్యా గ్రాసియేలా.

"ఈ నాలుగేళ్ళూ ఇది నా దగ్గరే ఉంది" అంది ఎర్మెలిందా, ఆమె మొహం చూడకుండా. "ఎవరిచేతైనా పంపొచ్చు. పంపలేదు. మీకు చేతకాదని నలుగురూ అనుకోవాలని."

తిడుతుందని ఎదురుచూసింది. ఆవిడ తిట్టలేదు.

"అనుకున్నారు" అంది. "మొదటి నెలంతా ఏడ్చాను నేను. ఎలా కట్టినా జారిపోయేది. ఇటుక ముక్క పెట్టాను, కాగితాలు మడిచి పెట్టాను. ఆ ఊరి ఆడవాళ్ళ చేతుల్లో ఏదో ఉంది, తల్లి నన్ను ఒప్పుకోవడం లేదు అనుకున్నాను. ఇక రేపటినించి రాలేనని చెబుదామని ఫాదర్ దగ్గరకెళితే, ఆయన చూసి, ఎవరో చెప్పేది వింటున్నట్టుంది, అలాగే ఉండనీ అన్నారు. అంతే." పైవస్త్రం అంచు సర్దింది. "మీ ఊరి పేరు వింటేనే నాకు గుబులు పుట్టేది తెలుసా? మీరు ఎప్పుడో ఒకరోజు ఆ గుమ్మంలోంచి వస్తారని తెలుసు."

"నాకు మీ పేరు తెలియదు" అంది ఎర్మెలిందా. "తెలిస్తే పేరుపెట్టి తిట్టుకునేదాన్ని."

దోన్యా గ్రాసియేలా నవ్వింది. ఎర్మెలిందాకి నవ్వు రాలేదు, రానివ్వలేదు.

"మీ వాళ్ళెవరైనా పరిగెత్తగలరా?" అంది ఆవిడ. "అతను ఇంకా మెట్ల దగ్గరే ఉంటాడు."

సతుర్నీనా టోపీ నెత్తిన తోసుకుని, ఒకదాని మీదొకటి తొడుక్కున్న అరడజను పావడాలూ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, యాత్రికులందరూ చూస్తుండగా కథెడ్రల్ నడిమధ్యలోంచి పరిగెత్తింది. చౌకులో ఫౌంటెన్ దగ్గర పట్టుకుందట అతన్ని. "ఓ బాబాయ్, రావయ్యా! అమ్మకి కోపం లేదు, ఏం లేదు, మెడ పట్టేసింది, అంతే! ఇప్పుడు సరిపోయింది!" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అతను రాతిమీద నిలబడి, ఆ చెవిలో చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఎవరూ వినలేదు.

తర్వాత వరస కట్టారు. ఇరవై మంది, ముప్ఫై మంది. ఎర్మెలిందా కూడా, రవిక మీద పసుపు కాగితం అలాగే ఉండగా, అందరి చివర నిలబడింది. తన వంతు వచ్చింది. చేతిలో సూదులు లేకుండా, ఏ పనీ లేకుండా మామాచకి ఇంత దగ్గరగా నిలబడటం ఇదే మొదటిసారి. ఏం చెప్పాలో తోచక చివరికి మనసులో ఉన్నదే చెప్పింది. "జరీ చూసి మురిసిపోకు. ఆవిడ ముడి కూడా సరిగ్గా వెయ్యలేదు. నేను వేస్తే గానీ నిలబడలేదు నువ్వు." చెప్పాక ఇంకేదో చెప్పాలనిపించింది. ఏమిటో తెలియలేదు. వెనకాల ఎవరో దగ్గారు. పక్కకి తప్పుకుంది.

వెళ్ళేముందు దోన్యా గ్రాసియేలా గుమ్మందాకా వచ్చింది. "మూణ్ణెల్లకోసారి మారుస్తాం. కబురు పంపిస్తాను, వస్తారా?"

"రాను" అంది ఎర్మెలిందా. "మీ చేతుల్లో ఆమెని మళ్ళీ మళ్ళీ చూడలేను. మా గుడికి కప్పు వేశాక ఇంటికి పంపండి."

"పంపిస్తాను" అంది దోన్యా గ్రాసియేలా. "పంపాలని లేదు. అయినా పంపిస్తాను."

మాట మీద నిలబడింది. మరుసటేడు మే నెలలో ఉరమార్క గుడికి రేకుల కప్పు పడింది. వారం తిరక్కుండా మామాచ లారీలో వచ్చింది. తలమీద నల్లటి జడలు రెండూ, కడిగి నూనె రాసినట్టు నిగనిగలాడుతూ ఉన్నాయి. ఊరంతా బూరలతో, టపాకాయలతో ఎదురెళ్ళింది. పెద్దవాళ్ళలో కొందరు, నగరంలో ఆలకించేదట కదా, ఇక్కడా అలాగే ఉంచితే ఏం అన్నారు. ఎర్మెలిందా వినలేదు. మెత్తలో కొత్త బొచ్చు కూరి భుజం కింద పెట్టింది. మామాచ ఊళ్ళో నిటారుగానే నిలబడింది.

ఆ రోజు తలుపులు వేసుకుని బట్టలు విప్పుతుంటే లోపలి పాత గౌను చేతికొచ్చింది. అత్తగారి కాలం నాటిది, అంచు చిరిగి పీలికలై ఉండేది. ఎన్నిసార్లు కుట్టినా నిలిచేది కాదు. ఇప్పుడు ఆ అంచంతా కొత్తగా ఉంది. వెలుతురుకేసి పట్టుకుంటే గానీ కుట్టు కనిపించనంత సన్నగా, ఒక్కొక్క పోగూ ఏరి కుట్టినట్టుంది. బట్టల కింద ఎవరికీ కనిపించని చోట.

ఎర్మెలిందా దాన్ని తిరగేసి చూసింది, మడతపెట్టి చూసింది. కత్తెర తీసుకుంది. విప్పేసి తన చేత్తో కుట్టుకుందామని మొదటి పోగు కింద మొన పెట్టింది. అలా పెట్టి చాలాసేపు కూర్చుంది. అంత సన్నటి కుట్టు తన చేతికి ఏనాడూ రాలేదు, ఇక రాదు కూడా.

"విప్పుతావా, ఉంచుతావా?" అంది తలుపు దగ్గర కాపలా కాస్తున్న సతుర్నీనా. "నాకు కాళ్ళు లాగుతున్నాయి."

"అక్కడక్కడా ఒంకర పోయింది" అంది ఎర్మెలిందా. "పోనీలే, లోపలిదే కదా."

కత్తెర పక్కన పెట్టి, మామాచకి ఆ గౌనే తొడిగింది.